వెన్నులో విరిగిన సూది

బొంత కుట్టి లేచేటప్పుడు సూదిని పరుపు అంచుకు గుచ్చి మరిచిపోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. ఉద్దానం ఇళ్లలోనూ అంతే. ఆ పరుపు మీదే పసివాడు వెనక్కి పడ్డాడనుకోండి. గుక్కపట్టి ఏడుస్తాడు. చూస్తే వీపు మీద చిన్న ఎర్రచుక్క. దోమ కుట్టిందనుకుంటారు. రెండు రోజులయ్యాక ఎత్తుకుంటే ఏడుపు, వంగితే ఏడుపు. నడిచే పిల్లాడు కాలు కింద పెట్టనంటాడు. నాన్నమ్మ దిష్టి తీస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు. బెణికిందని నూనె రాసి వీపు తోమడంతోనే వస్తుంది చిక్కు. లోపల విరిగిన సూది ఉంటే ఆ ఒత్తిడికి ఇంకా లోతుకు జరుగుతుంది.

పెద్దవాళ్లకు వెన్నుపూసల వెనుక భాగం గట్టి ఎముక. పసిపిల్లల్లో అందులో కొంత ఇంకా మృదులాస్థే. పూసల మధ్య సందుల్లోంచి సూది సులువుగా దూరిపోతుంది. పైగా వెన్నుపాము పెద్దల్లో ఒకటి, రెండు నడుము పూసల దగ్గర ముగిస్తే, పుట్టిన బిడ్డలో మూడో పూస దాకా ఉంటుంది. అందుకే నడుము కింద గుచ్చుకుంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. వెన్ను చుట్టూ ఉండే నీరు కారినా, సూదితోపాటు సూక్ష్మక్రిములు చేరినా మెదడు పొరల వాపు రావచ్చు. జ్వరం, మెడ బిగుసుకోవడం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సూది ఉందో లేదో తేల్చడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. ముందు నుంచీ, పక్క నుంచీ తీసిన రెండు ఎక్స్‌రేలు చాలు. ఒక్కదాంతో లోతు తెలియదు. వెన్ను కాలువలోకి వెళ్లిందేమోనన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. ‘ఎమ్మారై తీయించేయండి’ అని తొందరపడే బంధువులు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. ఇనుప సూది ఉన్నప్పుడు అది వద్దు. అయస్కాంతానికి సూది కదిలితే నరాలు దెబ్బతింటాయి. ఈత ముల్లు, వెదురు పుల్ల అయితే కథ తిరగబడుతుంది. అవి ఎక్స్‌రేలో పడవు. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలే దారి. అందుకే ఏం గుచ్చుకుందో ఇంట్లోవాళ్లు చెప్పడం ముఖ్యం. సూది విరిగి సగం బయట దొరికితే పారేయకుండా డాక్టరుకు చూపించాలి. లోపల ఎంత మిగిలిందో దాన్నిబట్టి లెక్క కడతారు. సూది కొస బయటికి కనిపిస్తున్నా ఇంట్లో లాగకూడదు.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన పెద్దాసుపత్రి కిడ్నీ జబ్బుల కోసం. పసిపిల్లల వెన్నుకు ఆపరేషనంటే దాదాపు రెండొందల కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ కేజీహెచ్ లాంటి చోటికి వెళ్లాల్సిందే. అంత దూరం కుదుపుల్లో వెళ్లాక సూది పాత చోటే ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే సర్జన్లు థియేటర్లో మళ్లీ ఎక్స్‌రేతో చూసుకుంటారు. బిడ్డకు మత్తిచ్చి బోర్లా పడుకోబెట్టి, అవసరమైతే పూస వెనుక ఎముక కొద్దిగా తొలగించి, మైక్రోస్కోపులో చూస్తూ సూదిని వచ్చిన దారినే వెనక్కి లాగుతారు. పొర చిరిగి ఉంటే కుట్టేస్తారు. యాంటీబయాటిక్స్ సరేసరి. టీకాలు చూసి ధనుర్వాతానికి ఇంజెక్షన్ ఇస్తారు.

ఒక్క సూదికి పడిపోవడం కారణం కావచ్చు. నాలుగైదు కనిపిస్తే? 2009 డిసెంబరులో బ్రెజిల్‌లో రెండేళ్ల బాబు ఒంట్లో పదుల కొద్దీ సూదులు బయటపడ్డాయి. గుచ్చింది సవతి తండ్రి. విడతలవారీగా ఆపరేషన్లు చేసి బతికించారు. 2017 జులైలో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా నుంచి వచ్చిన మూడున్నరేళ్ల పాపకు కోల్‌కతా ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రిలో ఏడు సూదులు తీశారు. పాప దక్కలేదు. అలాంటి ఎక్స్‌రే చూసిన డాక్టరు పోలీసులకు చెబితే ఇంట్లోవాళ్లు నొచ్చుకోకూడదు. అనుమానం ఉన్న ఇరుగుపొరుగు 1098కి ఫోన్ చేయొచ్చు.

ఆపరేషన్ అయిన రాత్రి నర్సు గంటగంటకూ వచ్చి పాదం గిల్లుతుంది. బిడ్డ కాలు వెనక్కి లాక్కుని ఏడిస్తే, మూత్రం దానంతటదే వస్తే, మర్నాడు డాక్టరు మొహం కాస్త తేటపడుతుంది.