పాత బిల్లులో కొత్త పేరు

పోయిన శ్రావణానికి ముందు మా ధర్మవరం ఇంటి నుంచి ఎనిమిది పట్టుచీరలు బెంగళూరు షాపు ఒకదానికి వెళ్లాయి. చీరలకి వంక లేదు. వంకంతా బిల్లులోనే.

మా చిన్నాన్న ఎప్పటిలాగే కంప్యూటర్‌లో పాత బిల్లు తెరిచి, పేరు, తేదీ, లెక్క మార్చి ప్రింటు తీశాడు. ఆ పాత బిల్లు అనంతపురం షాపుది. దాంతో పేరేమో బెంగళూరుది, దాని కింద జీఎస్టీ నంబరేమో అనంతపురం వాళ్లది! పన్ను కూడా సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం అని అలాగే ఉండిపోయింది. రాష్ట్రం దాటే సరుకుకి ఐజీఎస్టీ అయిదు శాతం అని వేయాలి. మొత్తంలో పైసా తేడా లేదు. కానీ ఆ నంబరుతో రిటర్న్ వేస్తే పన్ను క్రెడిట్ అనంతపురం వాళ్ల ఖాతాలో కనిపిస్తుంది, బెంగళూరు వాళ్లకి రాదు. బిల్లు సరిచేసి పంపేదాకా వాళ్లు 46,000 ఆపేశారు. మూడు వారాలు! ఆ డబ్బులోంచే మగ్గం కూలీ ఇవ్వాలి. నేసినాయన కూతురి కాలేజీ ఫీజుకి వడ్డీకి తెచ్చుకున్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. జనం నింపే ఫారాల వెనక కోడ్ రాయడమే నా ఉద్యోగం. మా ఇంటి బిల్లు ఎలా తయారవుతుందో మాత్రం ఒక్కసారీ చూడలేదు. సిగ్గేసింది. ఆ శనివారం రైలెక్కా.

దారిలో హిందూపురంలో దిగా. అక్కడ మా మామది చింతపండు వ్యాపారం. సంగతి విని నవ్వాడు. "మీ కంప్యూటర్లు రాకముందే మా దగ్గర ఉండె కదా అల్లుడూ మందు" అని సొరుగులోంచి అచ్చు వేసిన ప్రామిసరీ నోటు తీశాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం, వడ్డీ, తేదీ... అన్నింటికీ ఖాళీలే. మనం టెంప్లేట్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే!

ఆయనకీ ఓసారి దెబ్బ తగిలిందట. అచ్చు నోట్లు అయిపోయాయని డీటీపీ షాపులో పాత నోటు మీదే కొత్తది కొట్టించాడు. అంకెల్లో 1,50,000 అని మారింది. అక్షరాల్లో 'లక్ష రూపాయలు మాత్రమే' అని మిగిలిపోయింది. అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. "ఆయప్ప మంచోడు కాబట్టి మొత్తం ఇచ్చినాడు, లేకుంటే యాభై వేలు పోయినట్లే" అన్నాడు మామ.

తర్వాత పెనుకొండ. ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక ఆ చుట్టుపక్కల చిన్న యూనిట్లకి మనుషుల్ని పంపే పని పెట్టుకున్నాడు నా క్లాస్‌మేట్. ఒకరికిచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్‌లో అంతకుముందు చేరినతని జీతం అలాగే వెళ్లిపోయింది. రెండు వేలు ఎక్కువ. రాసిచ్చాక వెనక్కి ఎలా తీసుకుంటాడు? ఇప్పటికీ అదే ఇస్తున్నాడు.

మూడు ఊళ్లలోనూ తప్పు ఒకటే. పాత కాగితం మీద కొత్తది చేసేటప్పుడు మన కళ్లు మార్చినవాటినే చూస్తాయి. మార్చాల్సి ఉండీ మార్చనివి నిండుగా, సరైనవాటిలాగే కనిపిస్తాయి. అదే ఖాళీ గడి అయితే నింపలేదని వెంటనే తెలిసిపోతుంది.

ధర్మవరం చేరాక కంప్యూటర్ ముట్టుకోలేదు. ముందు పది పాత బిల్లులు ప్రింటు తీసి చాప మీద పరిచాం. మారే ప్రతిదానికీ చిన్నాన్న ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. మూడు రకాలు తేలాయి. ఎప్పుడూ మారనివి: మా పేరు, మా జీఎస్టీ నంబరు, బ్యాంకు వివరాలు. ప్రతిసారీ మారేవి: తేదీ, బిల్లు నంబరు, చీరల లెక్క, ధర. ఒకదాంతో పాటు ఇంకొకటి మారేవి: కొనేవాళ్ల పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, పన్ను రకం. కొంప ముంచింది ఈ మూడో రకమే.

అందుకే కొనేవాళ్లందరి వివరాలూ ఎక్సెల్‌లో వేరే షీటులో పెట్టాం. బిల్లులో పేరు ఎంచుకుంటే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: మనకి 37, కర్ణాటకకి 29. సరుకు మేం వాళ్ల షాపులకే పంపుతాం కాబట్టి ఆ అంకెల్ని బట్టే పన్ను పడేలా ఫార్ములా రాశా. మారని గడులకి తాళం వేశా. ఫైల్‌ని టెంప్లేట్‌గా సేవ్ చేశాం. తెరిచిన ప్రతిసారీ కొత్త కాపీ వస్తుంది, అసలుది చెక్కుచెదరదు. ఉత్తరాలకైతే వర్డ్‌లోనూ ఇలాగే చేసుకోవచ్చు.

ఇబ్బంది పెట్టింది తెలుగే. పాత డెలివరీ చీటీ అను ఫాంట్‌లో ఉంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది పిచ్చిగీతలే. యూనికోడ్‌లో మొత్తం మళ్లీ కొట్టా. ఎలాగూ కొడుతున్నాం కదా అని రూపం మార్చబోతే చిన్నాన్న ఒప్పుకోలేదు. "పైన శ్రీకారం తీసేస్తే అది మన చీటీ కాదురా." ఉంచేశా.

మీరూ చేసుకోవాలనుకుంటే ఒక్క జాగ్రత్త. పాత బిల్లులో తప్పు ఒక్కరికే వెళ్తుంది, టెంప్లేట్‌లో తప్పు అందరికీ వెళ్తుంది. వాడకం మొదలుపెట్టేముందు మీ ఆడిటర్‌కి ఒకసారి చూపించండి. రేట్లు మారిన రోజే అందులోనూ మార్చండి.

పోయిన వారం చిన్నాన్న ఫోన్ చేశాడు. కొత్త షాపుకి బిల్లు వేస్తుంటే జీఎస్టీ నంబరు గడి ఎర్రగా అయిందట. "ఏం చేశావ్?" అన్నా. "ఏం చేస్తా? వాళ్లకే ఫోన్ చేసి కనుక్కున్నా" అన్నాడు. నేసినాయన కట్టిన మూడు వారాల వడ్డీ సంగతి అడిగా. కాసేపు మాట్లాడలేదు. "అది నేను ఇచ్చేశాలేరా" అన్నాడు.