గ్యాస్ పైపులైన్లకు సెన్సర్ల కాపలా పెట్టాలి!

నస్రుల్లాబాద్ మండల రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా!

కోనసీమలోని నగరం గ్రామాన్ని మరచిపోవద్దు. 2014 జూన్ 27న తెల్లవారుజామున అక్కడ గెయిల్ గ్యాస్ పైపు పగిలింది. నిప్పు తగలగానే ఇళ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి, మనుషులూ కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ పోవాల్సిన పైపులో తేమతో కూడిన గ్యాస్ పోయింది. ఆ తడికి ఇనుము లోలోపలే తుప్పుపట్టింది. పైన ఉన్నవాళ్లకు ఆ తుప్పు కనబడలేదు.

నిజాంసాగర్ కాలువకు గండిపడితే నీళ్లు కనబడతాయి. లష్కర్‌ను పిలుస్తాం, ఇసుక బస్తాలు వేస్తాం. గ్యాస్ అట్లా కాదు. సహజవాయువుకు రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్‌లో మనకు తెలిసే వాసన కావాలని కలిపిందే. దూరం పోయే పెద్ద లైన్లలో చాలావాటికి అదీ ఉండదు. మబ్బుల లేచి మోటారు స్టార్టర్ నొక్కే రైతుకు, పక్కన గ్యాస్ కమ్ముకుందని ఎవరు చెప్పాలి?

వైర్‌లెస్ సెన్సర్లు చెప్పగలవు. పైపు పోయే దారిలో గట్ల మీద చిన్న స్తంభాలుంటాయి. తుప్పు పట్టకుండా పైపుకిచ్చే సన్నపాటి కరెంటు సరిగా ఉందా లేదా అని సిబ్బంది మీటరు పెట్టి చూసేది అక్కడే. చూసి పోయాక మళ్లీ వచ్చేదాకా మధ్యలో ఏమైందో తెలియదు. ఆ స్తంభంలోనే బ్యాటరీ సెన్సర్ పెడితే ఆ లెక్క రోజూ కంట్రోల్ రూముకు చేరుతుంది. చప్పుడు, అదురు పసిగట్టే సెన్సర్లు కూడా పెడితే, లీకైనా, పైపు పక్కన జేసీబీ తవ్వినా కబురు పోతుంది.

"లైను వెంట తిరిగే మనుషులున్నారు కదా, ఈ ఖర్చెందుకు?" అంటారు. ఆ మనుషులు ఉండాల్సిందే. వాళ్లు ఏ సర్వే నంబరుకు ఉరకాలో సెన్సర్ చెబుతుంది.

1962 పైపులైన్ల చట్టం ప్రకారం పైపు వేసినా భూమి మనదే. పైపు కోసం ఆ జాగాను వాడుకునే హక్కు మాత్రమే ప్రభుత్వానికో కంపెనీకో పోతుంది. ఆ జాగాలో ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. ఇన్ని వదులుకునే రైతుకు తన చేను కింది పైపు ఎట్లా ఉందో తెలుసుకునే హక్కు లేదా?

అందుకే అడుగుదాం:

1. ఊళ్లు, బడులు, కాలువలు దాటే ప్రతిచోటా లీకు, తుప్పు, తేమ కనిపెట్టే సెన్సర్లు పెట్టాలి.
2. ప్రమాద సంకేతం కంట్రోల్ రూముతో పాటు గ్రామపంచాయతీకీ, అగ్నిమాపక కేంద్రానికీ అదే నిమిషంలో రావాలి.
3. సెన్సర్ మూగబోతే దాన్నీ ప్రమాదంగానే లెక్కించి మనిషిని పంపాలి.
4. తనిఖీ వివరాలు ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

రేపు మన భూముల్లో లైను వేస్తామని నోటిఫికేషన్ వస్తే, అభ్యంతరం చెప్పడానికి చట్టం ఇచ్చే గడువు 21 రోజులే. పరిహారం లెక్కలతోనే ఆ రోజులు గడిచిపోనివ్వొద్దు. ఈ నాలుగు డిమాండ్లు రాసి, అందరం సంతకాలు పెట్టి, అభ్యంతరాలు వినే అధికారికి ఇద్దాం. వచ్చే గ్రామసభలోనే తీర్మానం చేసి పెట్టుకుందాం.

ఇట్లు,
మీ తోటి రైతు,
నస్రుల్లాబాద్