బంకు ధరకు జవాబుదారీ ఎవరు?

2025 ఏప్రిల్ 7. అమెరికా సుంకాల దెబ్బకు ప్రపంచ మార్కెట్లు వణికాయి. ముడి చమురు ధర నాలుగేళ్ల కనిష్ఠానికి పడిపోయింది. చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతులతోనే తీర్చుకునే మన దేశానికి అది చల్లని కబురు. ఆ చల్లదనం బంకు దాకా చేరలేదు. అదే రోజు కేంద్రం పెట్రోలు, డీజిలుపై లీటరుకు రెండేసి రూపాయల ఎక్సైజ్ సుంకం పెంచింది. బంకు ధర మారదని, భారాన్ని చమురు కంపెనీలే మోస్తాయని సర్దిచెప్పింది. జనం జేబులోంచి కొత్తగా ఏమీ పోలేదన్నది ఏలినవారి వాదన. జనానికి దక్కాల్సిన రెండు రూపాయలు దారిలోనే ఖజానాకు మళ్లాయన్నది వాస్తవం. ధర పెంచితే అందరికీ తెలుస్తుంది, తగ్గాల్సిన ధరను తగ్గనివ్వకపోతే ఎవరికీ తెలియదు. మన చమురు విధానం ఆ తెలియనితనం మీదే బతుకుతోంది.

ధరల్ని మార్కెట్‌కు వదిలేశామని ప్రభుత్వాలు చెప్పి పదిహేనేళ్లు దాటింది. 2010 జూన్‌లో పెట్రోలుపై, 2014 అక్టోబరులో డీజిలుపై నియంత్రణ ఎత్తేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ సవరణ తెచ్చారు. ముడి చమురు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్నది నాటి ఒప్పందం. అందులో మొదటి సగాన్ని ప్రజలు నోరెత్తకుండా పాటించారు. రెండో సగాన్ని ప్రభుత్వం పాటించలేదు.

2014 ద్వితీయార్ధంలో ముడి చమురు ధర కుప్పకూలింది. ఆ నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ పెంచింది. పెట్రోలుపై లీటరుకు 11.77 రూపాయలు, డీజిలుపై 13.47 రూపాయలు అదనంగా పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ భారత్ కొనే చమురు సగటు ధర పీపా 20 డాలర్లకు దిగివచ్చింది. పీపా అంటే 159 లీటర్లు. నాటి రూపాయి విలువతో లెక్కేస్తే లీటరు ముడి చమురు పది రూపాయలలోపే, అంటే మంచినీళ్ల సీసా కంటే చౌక. వలస కూలీలు పిల్లల్ని భుజాలకెత్తుకుని రహదారుల వెంట నడుస్తున్న ఆ రోజుల్లోనే, మే మొదటి వారంలో, పెట్రోలుపై ఒకేసారి పది రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు ఎక్సైజ్ వడ్డించారు. తర్వాతి నెల 7 నుంచి బంకు ధర మూడు వారాలపాటు రోజూ పెరుగుతూ పోయింది. ముడి చమురు పడిపోయినప్పటి లాభం ఖజానాకు, తేరుకున్నప్పటి భారం వాహనదారుకు దక్కాయి.

ఇక ఎన్నికలొస్తే రోజువారీ సవరణ నిద్రపోతుంది. 2018లో కర్ణాటక పోలింగు మే 12న జరిగింది. అంతకుముందు దాదాపు మూడు వారాలు ధర పైసా కదల్లేదు. 14వ తేదీన పెరుగుదల మళ్లీ మొదలైంది. 2021 నవంబరు 4 నుంచి 137 రోజులు ధరలు స్తంభించాయి. ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికల కాలమది. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు వంద డాలర్లు దాటినా ధర కదల్లేదు. ఫలితాలొచ్చాక మార్చి 22న కట్ట తెగింది. పదహారు రోజుల్లో లీటరుకు పది రూపాయలు పెరిగాయి. 2024 మార్చి 15న రెండు రూపాయలు తగ్గించారు, మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. ఇన్నిసార్లు జరిగినదాన్ని కాకతాళీయమనలేం. నిర్ణయం కంపెనీలదేనని ఢిల్లీ అంటుంది. ఆ కంపెనీల్లో పెద్దవైన మూడింటిపై పెత్తనం ఎవరిదో దేశానికి తెలుసు. ధరలు గడ్డకట్టిన 2022-23 ప్రథమార్ధంలో అవి నష్టపోయిన మాట నిజం. ముడి చమురు చల్లబడ్డాక 2023-24లో అవే మూడు కలిసి దాదాపు 81 వేల కోట్ల లాభం గడించిన మాటా అంతే నిజం. నష్టాన్ని పూడ్చుకోవడం అర్థమవుతుంది. ఎంత పూడింది, ఎప్పుడు పూడింది అన్న లెక్క జనానికి ఎవరూ చెప్పలేదు.

లీటరు ధరను విప్పి చూడండి. శుద్ధి కర్మాగారం గేటు దగ్గరి ధరను ఇక్కడి ఖర్చుల మీద కట్టరు. అదే సరుకును బయటి నుంచి తెస్తే ఎంతవుతుందో దానికి 80 శాతం, ఎగుమతి చేస్తే ఎంతొస్తుందో దానికి 20 శాతం బరువు ఇచ్చే సూత్రం ఒకటి 2006 నుంచి ఉంది. దానిపై కేంద్రం ఎక్సైజ్, డీలరు కమీషన్ చేరతాయి. ఆ మొత్తం మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకు పలికింది. అందులో కేంద్రానిది 21.90 రూపాయలు, 35.20 శాతం వ్యాట్ లెక్కన రాష్ట్రానిది సుమారు 28. అంటే ఇంచుమించు 50 రూపాయలు పన్నే. ఆ 28లోనూ ఏడు రూపాయల పైచిలుకు కేంద్రం వేసిన సుంకం మీద రాష్ట్రం వేసిన పన్ను. పన్ను మీద పన్ను వేయడం ఏ నీతి?

కేంద్రం తన వాటాను రాష్ట్రాలతో పంచుకోని తీరు మరో అన్యాయం. పెట్రోలుపై నాటి ఆ 21.90లో రాష్ట్రాలతో పంచాల్సిన మౌలిక ఎక్సైజ్ 1.40 రూపాయలే. మిగతాదంతా ప్రత్యేక సుంకాలు, సెస్సులు. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. 2020-21లో పెట్రోలు, డీజిలుపై కేంద్రానికి 3.72 లక్షల కోట్ల ఎక్సైజ్ వస్తే అందులో రాష్ట్రాలకు దక్కింది 20 వేల కోట్లలోపే. సమాఖ్య స్ఫూర్తి గురించి ఉపన్యసించేవారు ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అంతమాత్రాన తెలుగు రాష్ట్రాలు కడిగిన ముత్యాలు కావు. 2015లో ముడి చమురు చౌకగా ఉన్నప్పుడే తెలంగాణ పెట్రోలుపై వ్యాట్‌ను 31 నుంచి 35.20 శాతానికి, డీజిలుపై 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్ తెచ్చింది. 2018లో కొంత తగ్గించి, 2020లో మళ్లీ నాలుగుకు చేర్చి, దానిపై రోడ్ల పేరిట రూపాయి సెస్సు వేశారు. మధ్యలో ప్రభుత్వాలు మారినా పన్ను నిలిచింది. 2022 ఏప్రిల్‌లో ప్రధాని ఈ రెండు రాష్ట్రాల పేర్లూ చెప్పి వ్యాట్ తగ్గించమన్నారు. ముందు కేంద్రం తన సెస్సులు ఎత్తేయాలని తెలంగాణ బదులిచ్చింది. మాటకు మాట చెల్లింది, రెండు రాష్ట్రాల వ్యాట్ రేటు మాత్రం తగ్గలేదు. కాకినాడ, కోనసీమ వాహనదారులు పక్కనే ఉన్న యానాం వెళ్లి ట్యాంకు నింపుకుని వస్తున్నారు. సరిహద్దు దాటితే లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఎందుకొస్తోందో ఏ ఆర్థికమంత్రి అయినా వారికి వివరించగలరా?

ఈ భారం బైకు నడిపేవాడి దగ్గరే ఆగదు. ఆటోవాలా రోజు కిరాయిలో, వరికోత యంత్రం గంట బాడుగలో, వేటకెళ్లే మరపడవ ఖర్చులో, మదనపల్లె నుంచి కదిలే టమాటా లారీలో అది కూర్చుని ఉంటుంది. 2022 మార్చిలో టోకు డీజిలు ధరను లీటరుకు పాతిక రూపాయల మేర పెంచినప్పుడు మన ఆర్టీసీ బస్సులు సొంత డిపోలు వదిలి ప్రైవేటు బంకుల ముందు బారులు తీరాయి. మరుసటి నెలలో రెండు రాష్ట్రాల్లోనూ టికెట్‌పై డీజిలు సెస్సు పడింది. కారు కొనలేని పల్లెవెలుగు ప్రయాణికుడు కూడా ఆ సెస్సు కట్టాడు.

రోడ్లకు, సంక్షేమానికి డబ్బెక్కడిదని ప్రభుత్వాలు అడుగుతాయి. ప్రశ్న సబబైనదే. పన్ను అక్కర్లేదని మేమూ అనడం లేదు. ఆదాయపు పన్ను వేయాలంటే పార్లమెంటులో చర్చ జరుగుతుంది. కరెంటు చార్జీ పెంచాలంటే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, రైతు సైతం లేచి అభ్యంతరం చెప్పగలడు. పెట్రోలుకు అలాంటి వేదికే లేదు. 2006 చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుకు బంకు ధర నిర్ణయించే అధికారం లేదు. తెల్లవారుజామున ఆరింటికి మారే అంకెకు సంజాయిషీ చెప్పే మనిషే ఈ వ్యవస్థలో లేడు.

ఈ స్థితి మారాలి. ముడి చమురు ఏ స్థాయి దాటితే సుంకం ఎంత తగ్గుతుందో, ఎంతకు దిగితే ఎంత పెరుగుతుందో కేంద్రం ముందుగానే రాతపూర్వకంగా పార్లమెంటు ముందుంచాలి. ఎన్నికలున్నా లేకున్నా ఆ సూత్రమే నడవాలి. సెస్సుల్ని పంపకపు నిధిలో చేర్చాలి. తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూడకుండా, సుంకం మీద వేసే వ్యాట్‌ను తక్షణం వదులుకోవాలి. చమురును జీఎస్టీలోకి తెచ్చే దారిని రాజ్యాంగంలోని 279ఎ అధికరణం తెరిచే ఉంచింది. 2021 సెప్టెంబరు లక్నో సమావేశంలో ఇది సమయం కాదంటూ జీఎస్టీ మండలి దాన్ని పక్కనపెట్టింది. కనీసం డీజిలుతోనైనా మొదలుపెట్టాలి.

వీటన్నింటికంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. కిరాణా కొట్టు బిల్లులో కూడా జీఎస్టీ విడిగా కనిపిస్తుంది. బంకులో ఇచ్చే రసీదులో లీటర్లు, రూపాయలు ఉంటాయి, పన్ను వివరం ఉండదు. సరుకు విలువెంత, కేంద్రానికెంత, రాష్ట్రానికెంత, కంపెనీకీ డీలరుకూ ఎంత అన్నది ప్రతి రసీదు మీదా అచ్చు వేయాలి. దాదాపు సగం ధర పన్నుగా కడుతున్న పౌరుడికి ఆ నాలుగు వరుసలు చూపించడానికి భయపడే ప్రభుత్వానికి ఆ పన్ను వసూలు చేసే నైతిక హక్కు లేదు.