కొండ మీది ఇల్మ్‌కు హిస్సా ఏదీ?

హకీం అజ్మల్ ఖాన్ పేరు మన ఇళ్లల్లో ఇప్పటికీ ఇజ్జత్‌తోనే పలుకుతారు. 1931లో సలీముజ్జమా సిద్దిఖీ సాబ్ సర్పగంధి వేరు నుంచి వేరుచేసిన ఒక పదార్థానికి ఆయన పేరు మీదే 'అజ్మలీన్' అని పేరు పెట్టారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు అది ఫఖర్. కానీ ఆ వేరును తరతరాలుగా అడవిలో గుర్తుపట్టి తవ్వి తెచ్చినవాళ్ల పేర్లు నేను చదివిన ఏ కితాబులోనూ లేవు.

కేరళలోని అగస్త్యమల కొండల కిస్సా చూడండి. 1987లో మొక్కల పరిశోధనకు వెళ్లిన సైంటిస్టులు నడవలేక ఆయాసపడుతుంటే, దారి చూపే కాణి గిరిజన యువకులు ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా కొండెక్కారు. అదేంటని అడిగితే మొదట చెప్పలేదు. అది వాళ్ల కౌమ్ అమానత్. చివరికి చూపించారు: ఆరోగ్యపచ్చ.

దాని ఆకుతో పాలోడ్‌లోని బొటానిక్ గార్డెన్ సంస్థ 'జీవని' మందు తయారుచేసింది. 1995లో కోయంబత్తూరు కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. 10 లక్షల రూపాయలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణిలకు. 1997లో వాళ్ల ట్రస్టు కూడా ఏర్పడింది. దునియా అంతా వాహ్వా అంది. తీరా చూస్తే అడవిలో ఆకు కోయడానికి అటవీశాఖ అడ్డుచెప్పింది. ఇల్మ్ వాళ్లది, ఆకు మాత్రం సర్కారుది!

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చాక ఇలాంటి హిస్సా ఇవ్వడం కానూన్ అయింది. 2023 సవరణ దానికి గండి కొట్టింది. గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు, రిజిస్టరైన ఆయుష్ వైద్యులకు మాఫీ ఇచ్చింది. ఆయుష్‌లో మన యునానీ కూడా ఉంది. అందుకే మనం ఖామోష్‌గా ఉండకూడదంటాను.

కితాబుకెక్కినంత మాత్రాన ఇల్మ్ రాసినవాడి జాగీరు అయిపోతుందా? నుస్ఖా కాగితం మీదికి రాకముందు ఏదో కొండ మీద, ఎవరిదో జబాన్ మీద ఉంది. గల్లీలో నాడి చూసే హకీం సాబ్ మీద భారం వేయమనడం లేదు. సీసాల మీద లేబుల్ అంటించి మునాఫా తీసే కంపెనీలు మాత్రం హిస్సా ఇవ్వాల్సిందే. ఆకు కోసుకునే హక్ కూడా కాగితాల్లోంచి కొండకు చేరాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పటికే ఆ మాట చెప్పింది.

ఇది ఖైరాత్ అనుకోవద్దు. బాకీ.