కుటుంబమునకు దగిన గుడారము



సెలవులు రాగానే పిల్లలతో గూడ కొండప్రాంతములకేగి, రెండు రాత్రులు గుడారములో గడపివచ్చు వాడుక మన కుటుంబములలో హెచ్చుచున్నది. శీతకాలమున లంబసింగికి, వంజంగికి, అరకులోయకు పోవువారిలో పలువురు గుడారములనే ఆశ్రయించుచున్నారు. కొందఱు అక్కడనే అద్దెకు గైకొందురు. కొందఱు సొంతముగా కొని వెంట దీసికొనిపోవుదురు. ఒక సోదరి ఈ విషయమై యిట్లు వ్రాసినది: “మేమాఱుగురము. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు ముగ్గురు. నలుగురికి సరిపోవునని వ్రాసియున్న గుడారము చౌకగా లభించుచున్నది. పిల్లలు చిన్నవారే గదా, సర్దుకొనవచ్చునని మావారనుచున్నారు. కొనవచ్చునా?”

కొనవలదని నా యభిప్రాయము. కారణములు వివరించెదను.

గుడారముపై ముద్రించు సంఖ్య, భుజమునకు భుజము తగులునట్లు కదలక పండుకొనిన మనుష్యుల సంఖ్య మాత్రమే. నలుగురి గుడారము నేల తఱచుగా 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉండును. అనగా మనిషికి 2 అడుగులు. అందులో పెట్టెకు చోటు లేదు, మంచినీళ్ల బిందెకు చోటు లేదు, నిద్రలో పొరలు పసివానికి చోటు లేదు. ఇట్టి యిఱుకులో ఇంటిల్లిపాదియు నిద్రించుచుండగా, తలుపుప్రక్కన మోకాళ్లు ముడుచుకొని తెల్లవార్లు మేల్కొనియుండునది ఎవరో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సెలవు అందఱిదియు గదా. అందులో తల్లికి మాత్రము పాలు లేకుండుట న్యాయము కాదు.

పెద్దలకు 2½ అడుగులు, పిల్లలకు 2 అడుగుల చొప్పున లెక్కింపుడు. ముగ్గురు పెద్దలకు 7½, ముగ్గురు పిల్లలకు 6. వెరసి 13½ అడుగులు. ఎనిమిదిమంది కని వ్రాసిన గుడారములో మనిషికి 2 అడుగుల వంతున 16 అడుగులుండును. మిగిలిన 2½ అడుగులు సామానునకు సరిపోవును. కావున ఇంటిలోని తలల సంఖ్యకు రెండు చేర్చి కొనుట మంచి సూత్రము.

ఈ లెక్కయందు నమ్మకము చాలనిచో మన చేతిలోని ముగ్గుబుట్ట యున్నది. అంగడివాడు చెప్పిన కొలతలను వాకిటిలో ముగ్గుగీతలతో గీసి, అందులో చాపలు పఱచి, అందఱిని పండుకొనుడనుడు. సామానును గూడ లోపల నుంచుడు. పావుగంటలో నిజము తేలిపోవును. అయితే కొలతలడుగునపుడు పడకగది కొలతలనే వేఱుగ నడుగవలెను. కొందఱు ముందుభాగపు పంచను గూడ గలిపి పెద్ద అంకె చెప్పుదురు. గుమ్మటమువలె వంగిన గోడలుగల గుడారములో అంచులవద్ద చోటున్నను కూర్చుండిన తల పైకప్పునకు తగులును. దీనిని గూడ గమనింపవలెను.

నేల తరువాత చూడవలసినది ఎత్తు. చిన్న గుడారములు నాలుగడుగులకు కొంచెము మించియుండును. వంగి నిలిచి చీర కట్టుకొనుట యెట్టిదో పురుషులెఱుగరు. నడుమనైనను 6 అడుగుల యెత్తును, మధ్య ఒక తెరయును ఉన్న గుడారము స్త్రీలకు మర్యాదగా నుండును. ద్వారము పెద్దదై, గడపభాగము నేలకు అంటియుండవలెను. మోకాళ్ల నొప్పులుగల వృద్ధురాలు రాత్రి రెండు మాఱులు లేచినచో ప్రాకుచు బయటికి రాగలదా? రెండు ద్వారములున్న మఱియు మేలు. ఆమె పడక నొక ద్వారము చెంతనే యమర్పవచ్చును. ముందొక పంచ యున్నచో చెప్పులు, తడిబట్టలు లోపలికి రావు.

వానను గుఱించి ఒక మాట. గుడ్డ నీటి నాపు శక్తిని మిల్లీమీటర్లలో తెలుపుదురు. ఎంత యెత్తు నీటిస్తంభమును కాఱనీయక నిలుపునో ఆ యెత్తే ఆ అంకె. పైకప్పునకు 1500కు, అడుగుగుడ్డకు 3000కు తగ్గకుండుట మంచిది. కుట్లపై లోపలివైపున పట్టీ అతికించియున్నదో లేదో వ్రేలితో తడవి చూడుడు. ఉదయమున లోపలి గోడలు చెమ్మగిల్లియున్నచో కాఱినదని భయపడనక్కఱలేదు. ఆఱుగురి ఊపిరిలోని తేమయే చల్లని గుడ్డకు తగిలి నీరగును. గాలి యాడు కిటికీలు, రెండు పొరలు గల గుడారములో ఈ బాధ తక్కువ.

పెద్ద గుడారమునకు దోషములును గలవు. అది బరువు, వేయుటకు సమతలమైన పెద్ద చోటు కావలెను, గాలి కెక్కువగా ఊగును, లోపల వెచ్చదనము నిలువదు. పదేండ్లు దాటిన పిల్లలున్నవారు నలుగురి గుడారములు రెండు కొని, ద్వారములు ఎదురెదురుగా నుండునట్లు వేసికొనవచ్చును. ఏది కొన్నను, ప్రయాణమునకు ముందే మేడపైననో దొడ్డిలోనో ఒకసారి వేసి చూడుడు. మేకులు, త్రాళ్లు, కడ్డీలు లెక్కపెట్టుకొనుడు.

ఇపుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. కొన్ని యేండ్లు అక్కడి చలి సున్న డిగ్రీల దరికి దిగును. ఆ చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గుడారములోనికి తెచ్చుకొను బుద్ధి పుట్టును. ఎట్టి పరిస్థితిలోను తేవలదు. పొగ లేక ఎఱ్ఱగా కాలు నిప్పుల నుండియు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని మేల్కొలుపకయే ప్రాణము తీయును. కిటికీ కొంచెము తెఱచితిమి గదా యని ధైర్యపడరాదు. గ్యాసు పొయ్యికిని ఇదే నియమము. వంట బయటనే, చలి కాచుకొనుట బయటనే. చలి నేల నుండియే హెచ్చుగా సోకును. కావున పైన రెండు రగ్గులు కప్పుకొనుటకంటె క్రింద నొక మందపు బొంత పఱచుకొనుట వివేకము. పిల్లలకు తలటోపీలు, మేజోళ్లు తొడుగుడు.

గుడారము వేయు చోటును గూడ మీరే చూడుడు. శ్రీమద్రామాయణమున పంచవటిలో పర్ణశాల కట్టుటకు ముందు శ్రీరాముడు, సీతకును మనసునకు నచ్చు స్థలము కావలెనని లక్ష్మణునితో పలికెను. సమమైన నేలను, గోదావరికి మిక్కిలి దూరమును మిక్కిలి చేరువయు గాని తావును ఎన్నుకొనెను. నేటికిని అదియే సరియైన మార్గము. నీరు మోయుటకు అలసట కలుగరాదు. వాన వచ్చిన వాగునీరు మన పడకలోనికి రారాదు. మరుగుదొడ్డి రాత్రివేళ దీపముతో వెళ్లదగినంత దగ్గఱలో నున్నదో లేదో విచారింపకయే డబ్బు చెల్లింపవలదు.

జాబు వ్రాసిన సోదరి ఆ చౌక గుడారమును విడిచిపెట్టి, ఎనిమిదిమందికని వ్రాసినది, తెర గలది, నిలువ వీలైనది చూచుకొనవలెను. కొనుటకు వెల హెచ్చైనచో అద్దెకు గైకొనుట మంచిది. అట్లయినను కొలతలు ముందుగా అడుగుట మఱువరాదు. మొదట ఆ ముగ్గుగీతలలో అత్తగారిని, మగనిని, పిల్లలను పండుకొనబెట్టి, మిగిలిన చోటులో తానును పండుకొని చూడవలెను. అక్కడ తనకు హాయిగా నిద్రపట్టునని తోచినచో, అదియే వారికి తగిన గుడారము.