పోపు మీదున్నప్పుడు వచ్చిన ఫోన్

రెండు నెలల క్రితం హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. నేను పోపు వేస్తున్నాను. "అమ్మా, ఈ నెల కూడా రాలేదే" అంది. స్కాలర్‌షిప్ సంగతి అనుకుని "వస్తుందిలే, ఆఫీసులో ఓసారి అడుగు" అన్నాను. "సరేలే" అని పెట్టేసింది.

అది చెప్పింది నెలసరి గురించని సెలవులకి ఇంటికొచ్చాక తెలిసింది. ఆ రోజే ఫోన్లో కబుర్లాడే కంప్యూటర్ని అడిగిందట. "కడుపునొప్పి, నీరసం, నెలసరి అన్నీ చెప్తే డాక్టరుకి చూపించుకోమందమ్మా" అంది. నా మనసు చివుక్కుమంది. యంత్రానికి అర్థమైంది, కన్నతల్లికి కాలేదేమని దాని సంగతి కాస్త చదివాను.

మన తెలుగులో కర్త చెప్పకుండానే మాట సాగిపోతుంది. పైగా ఏకవచనంలో ఆడపిల్లకీ వస్తువుకీ ఒకటే క్రియ. "వచ్చింది" అంటే కూతురు కావచ్చు, బస్సు కావచ్చు, గ్యాస్ బండ కావచ్చు. ఏదో తెలియాలంటే ధ్యాస ఉండాలి.

కంప్యూటర్‌కి సంభాషణ నేర్పాలన్నవాళ్ళకీ ఇదే చిక్కు. అమెరికాలో బార్బరా గ్రోజ్ అనే ఆవిడ, ఒకరు చెప్తుంటే మరొకరు ఎయిర్ కంప్రెసర్ బిగించే సంభాషణలను పరిశీలించి, 1977లో దీనిమీదే పరిశోధన గ్రంథం రాసింది. "ఆ బోల్టు" అంటే, అప్పుడు ఇద్దరి దృష్టీ ఏ భాగం మీద ఉందో అక్కడి బోల్టు. 1986లో కాండేస్ సిడ్నర్‌తో కలిసి, మాటల అల్లిక, వాటి వెనక ఉద్దేశం, ధ్యాస మూడూ చూడాలని చెప్పింది. 2017లో గూగుల్ పరిశోధకులు చెప్పిన పద్ధతికీ 'అటెన్షన్' అనే పేరు. ఒక్కో మాటకీ చుట్టూ ఉన్న మాటల్లో దేనితో ఎంత సంబంధమో లెక్కగట్టి బరువులు వేస్తుంది. "రాలేదు" దగ్గరికొచ్చేసరికి ముందు చెప్పిన "కడుపునొప్పి"ని వదిలెయ్యదు.

అంతకు వారం ముందే కడుపునొప్పని నాకూ చెప్పింది. నేనే వదిలేశాను.

అందుకే ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదంటాను. పిల్లలు యంత్రంతో చెప్పుకుంటున్నారంటే, ముందు మన దగ్గరికొచ్చి వెనక్కి వెళ్ళారేమో చూసుకోవాలి. అలాగని అమ్మ పని అది చెయ్యలేదు. సన్నబడ్డ దాని మణికట్టు నేను చూశాను, యంత్రం చూడలేదు. డాక్టరుకి చూపించుకోమని చెప్పింది గానీ వెంట వెళ్ళలేదు. మర్నాడే నేను తీసుకెళ్ళాను. రక్తపరీక్షలో థైరాయిడ్ తేడా అని తేలింది. మందులు వాడుతోంది.

ఇప్పుడు దాని ఫోనొస్తే స్టవ్ కట్టేస్తున్నాను. వీలుకాకపోతే "పది నిమిషాల్లో నేనే చేస్తానమ్మా" అంటున్నాను. ఊరికే ఊఁ కొట్టడం మానేశాను. ఆ రోజు నేను అడగాల్సింది రెండే రెండు మాటలు: "ఏది రాలేదే?"