ప్రపంచ కప్పుకు పోయే దారులు

పిల్లలూ! ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఆటలు టెలివిజనులో చూసేటప్పుడు మీకొక సందేహం వచ్చే ఉంటుంది. ప్రపంచంలో ఇన్ని దేశాలున్నాయి గదా, అక్కడ ఆడేవి కొన్నే ఎందుకు? మన జెండా అక్కడ ఎందుకు కనబడదు? మీరు నాన్నగారిని అడిగితే, "మనకు అర్హత రాలేదురా" అని ఆయన పేపరు తిరగేసి ఉంటారు. ఆ అర్హత అనేది ఎట్లా వస్తుందో, ఎట్లా చెయ్యి జారిపోతుందో ఈ నెల చెప్పుకుందాం.

ముందొక లెక్క చేయండి. ఫిఫా అనే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘంలో 211 జట్లున్నాయి. ప్రతి జట్టూ తక్కిన జట్లన్నిటితోనూ ఒక్కొక్కసారి ఆడాలంటే ఎన్ని ఆటలవుతాయి? 211ని 210తో గుణించి, రెండుతో భాగించండి. రెండుతో ఎందుకంటారా? రాముడు సోముడితో ఆడినా, సోముడు రాముడితో ఆడినా ఆట ఒకటే గదా! మొత్తం 22,155 ఆటలు. రోజుకొకటి చొప్పున ఆడిస్తే అరవై ఏళ్ళు పడుతుంది. మొదటి ఆటలో గోలు కొట్టిన కుర్రవాడు చివరి ఆటకు మనమల చెయ్యి పట్టుకుని రావలసిందే!

మొట్టమొదటి ప్రపంచ కప్పుకు ఈ చిక్కు లేదు. అది 1930లో ఉరుగ్వే దేశంలో జరిగింది. వచ్చినవి 13 జట్లు. పిలిస్తే వచ్చారు, ఆడారు, అంతే. ఐరోపా నుంచి రావాలంటే ఓడ మీద రెండు వారాల ప్రయాణం. అందుకని అక్కణ్ణించి నాలుగు జట్లే బయలుదేరాయి. 1934లో ఇటలీలో పెట్టినప్పుడు 16 చోట్లకు అంతకు రెట్టింపు జట్లు వస్తామన్నాయి. అప్పుడు మొదలయింది వడపోత. ఆతిథ్యమిచ్చే ఇటలీ కూడా గ్రీసుతో ఆడి గెలిచాకనే తన ఇంట్లోకి తాను వెళ్ళవలసి వచ్చింది!

ఈ వడపోత ఇప్పుడు ఎట్లా జరుగుతుందో అర్థం కావాలంటే ఒక పెళ్ళి పందిరిని ఊహించుకోండి. పందిట్లో 48 విస్తళ్ళే పడతాయి. ఊళ్ళో ఆరు వీధులున్నాయి. పెళ్ళివారు వీధికి ఇన్నని విస్తళ్ళు పంచేసి, "మీ వీధిలో ఎవరెవరు రావాలో మీరే తేల్చుకోండి" అన్నారనుకోండి. ఫిఫా చేసేదీ అదే. 2026 ప్రపంచ కప్పుకు ఐరోపాకు 16, ఆఫ్రికాకు 9, ఆసియాకు 8, దక్షిణ అమెరికాకు 6, ఓషియానియా దీవులకు 1 ఇచ్చారు. ఉత్తర, మధ్య అమెరికాలకూ కరీబియన్ దీవులకూ కలిపి 6. అందులో మూడు ఆతిథ్యమిచ్చే అమెరికా, కెనడా, మెక్సికోలవే. కూడి చూడండి, 46 అవుతాయి. మిగిలిన రెండు విస్తళ్ళ కోసం ఐరోపా తప్ప తక్కిన వీధుల నుంచి, కొంచెంలో తప్పిపోయిన ఆరు జట్లు తమలో తాము ఆడాలి.

వీధి లోపల ఎట్లా తేల్చుకోవాలనేది ఆ వీధివారి ఇష్టం. దక్షిణ అమెరికాలో పది జట్లే గనక వాళ్ళ పద్ధతి సులువు. ప్రతి జట్టూ తక్కిన తొమ్మిదింటితోనూ రెండేసిసార్లు ఆడుతుంది, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి అవతలివాళ్ళ ఊళ్ళో. ఇట్లా రెండుసార్లు ఎందుకంటే, సొంత ఊళ్ళో గాలీ నేలా కూడా మనకు తోడు వస్తాయి. నిజంగా గాలే! బొలీవియావారు ఆడుతూ వచ్చిన లాపాజ్ నగరం సముద్రమట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు తక్కువ. ఆ ఊరివాళ్ళ ఒంటికి అది అలవాటే. కింది నుంచి వచ్చినవాళ్ళు కాసేపు పరుగెత్తేసరికి రొప్పుతారు. పైగా బంతికి గాలి అడ్డం తక్కువ గనక అది అనుకున్నదానికంటే వేగంగా పోతుంది. అర్జెంటీనా 2007లో తన ఊళ్ళో బొలీవియాను 3–0తో ఓడించింది. 2009లో అదే అర్జెంటీనా లాపాజ్ వెళ్ళి 6–1తో చిత్తయింది! ఒక్క ఊళ్ళోనే ఆడించి ఊరుకుంటే ఏది న్యాయమయ్యేదో చెప్పండి.

ఇక మన వీధి, ఆసియా. ఇక్కడ 46 జట్లు. కొన్ని గట్టివి, కొన్ని మరీ లేతవి. అందరినీ ఒక్కసారి కలిపితే ఏమవుతుందో ఓషియానియావారు 2001లో చూశారు. ఆస్ట్రేలియా అప్పట్లో ఆ వీధిలోదే. దాని మీదికి అమెరికన్ సమోవా అనే బుల్లి దీవుల జట్టు వచ్చింది. కాగితాల చిక్కు వల్ల అసలు ఆటగాళ్ళలో దాదాపు అందరూ ఆగిపోయారు. పోనీ కుర్రవాళ్ళ జట్టును తెద్దామంటే వాళ్ళకు బడిలో పరీక్షలు! చివరకు పదిహేనేళ్ళవాళ్ళు కూడా దిగారు. ఆస్ట్రేలియా 31 గోళ్ళు కొట్టింది. లెక్క వేసేవాళ్ళు కూడా తడబడి బోర్డు మీద 32 వేశారు. ఒక్క ఆర్చీ థాంప్సనే 13 కొట్టాడు. ఇటువంటి ఆట వల్ల ఓడినవాడికీ లాభం లేదు, గెలిచినవాడికీ లాభం లేదు. అందుకే లేత జట్లను ముందు లేత జట్లతోనే ఆడిస్తారు. (ఆ 31 గోళ్ళు తిన్న గోలుకీపరు నికీ సలాపు ఆట మానలేదు. 2011లో అతను కాపలా ఉండగానే అమెరికన్ సమోవా టోంగాను 2–1తో గెలిచింది. ఫిఫా లెక్కలో అది వాళ్ళ మొదటి గెలుపు.)

2026 కప్పు కోసం ఆసియాలో అడుగున ఉన్న 20 జట్లు మొదటి రౌండులో జంటలుగా ఆడాయి. గెలిచిన పదింటినీ పై 26తో కలిపి, నాలుగేసి జట్ల గ్రూపులు తొమ్మిది చేశారు. గ్రూపుకు మొదటి రెండు జట్లు పై రౌండుకు పోతాయి. ఆ పైన ఇంకా మూడు రౌండ్లున్నాయి గాని, వాటి సంగతి వదిలేద్దాం. మన కథ రెండో రౌండులోనే ముగిసింది.

ఆ కథ కొంచెం వివరంగా చెబుతాను. మన గ్రూపులో కతార్, కువైట్, ఆఫ్ఘనిస్తాన్ ఉన్నాయి. గెలుపుకు మూడు పాయింట్లు, సమమైతే చెరొకటి, ఓటమికి సున్న. మనవాళ్ళు 2023 నవంబరులో కువైట్ వెళ్ళి 1–0తో గెలిచారు. భేషైన ప్రారంభం! తరువాత భువనేశ్వర్‌లో కతార్ చేతిలో 0–3తో ఓడారు. ఆఫ్ఘనిస్తాన్‌తో మొదటి ఆట గోళ్ళు లేకుండా సమం. రెండోది గౌహతీలో, మన నేల మీద 1–2తో ఓటమి. అసలు దెబ్బ అక్కడ తగిలిందని నా అభిప్రాయం. కలకత్తాలో కువైట్‌తో మళ్ళీ 0–0. సునీల్ ఛెత్రీ అప్పటికి అదే తన చివరి ఆట అన్నాడు.

ఇక మిగిలింది ఒక్క ఆట. కతార్ 13 పాయింట్లతో ఎప్పుడో పైకి పోయింది. మనకు 5, ఆఫ్ఘనిస్తాన్‌కు 5, కువైట్‌కు 4. ఉన్నది ఒక్క చోటు. 2024 జూన్ 11న మనం దోహాలో కతార్‌తో, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఆడాలి. మనం గెలిస్తే 8 పాయింట్లు. కువైట్ గెలిచినా 7కు మించి రావు. ఆఫ్ఘనిస్తాన్ గెలిస్తే దానికీ 8 వస్తాయి గాని, అప్పుడు కొట్టిన గోళ్ళలోంచి తిన్న గోళ్ళు తీసేసి చూస్తారు. ఆఫ్ఘనిస్తాన్ ఒక్క కతార్ చేతిలోనే 1–8తో ఓడింది గనక అది మనకు భయం కాదు. అంటే గెలిస్తే చాలు.

37వ నిమిషంలో ఛాంగ్తే గోలు కొట్టాడు. 1–0! గంట దాటినా అట్లాగే నిలిచింది. 73వ నిమిషంలో కతార్ వాడు తలతో కొట్టిన బంతిని మన గోలుకీపరు గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి దొర్లి చివరి గీత దాటింది. దాటినట్టే టెలివిజను బొమ్మల్లో కనబడింది. ఒకడు దాన్ని లోపలికి లాగాడు, ఇంకొకడు గోలులోకి తన్నాడు. మనవాళ్ళు చేతులెత్తి మొరపెట్టుకున్నా రిఫరీ గోలు ఇచ్చేశాడు. ఆ రౌండులో వీడియో చూసి తీర్పు దిద్దుకునే ఏర్పాటు లేదు. 85వ నిమిషంలో ఇంకొక గోలు పడింది. 1–2. అవతల కువైట్ ఆఫ్ఘనిస్తాన్‌ను 1–0తో గెలిచి, 7 పాయింట్లతో పైకి పోయింది. మన సంఘంవారు ఫిర్యాదు చేశారు గాని ఫలితం మారలేదు.

మరి మనం ఎప్పుడూ ఆ పందిట్లో కూర్చోలేదా అంటారేమో. ఒకసారి పిలుపు వచ్చింది. 1950లో బ్రెజిల్‌లో జరిగిన పోటీకి మన గ్రూపులోని తక్కిన జట్లన్నీ తప్పుకోవడంతో ఒక్క ఆటైనా ఆడకుండానే మనకు అర్హత వచ్చింది. మనం పోలేదు! బూట్లు లేకుండా ఆడనివ్వనన్నారు గనక పోలేదని పెద్దలు చెబుతుంటారు. అదొక్కటే కారణమని నమ్మకండి. దూర ప్రయాణం, ఖర్చు, తగినంత సాధన లేకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. పైగా ఆ రోజుల్లో మనవాళ్ళ దృష్టిలో పెద్ద పోటీ అంటే ఒలింపిక్సే. ఆ తరువాత హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం మన జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1956 ఒలింపిక్సులో ఆ జట్టుకు నాలుగో స్థానం. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ జట్టులో సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. అంతటి జట్టు ప్రపంచ కప్పు అర్హత ఆట ఒక్కటీ ఆడలేదు. మనదేశం ఆ ఆటలు మొదటిసారి ఆడింది 1985లో. అప్పటికి రహీం చనిపోయి 22 ఏళ్ళయింది.

అయితే పిల్లలూ, ఇంతవరకూ చెప్పిన దాంట్లో ఒక మెలిక ఉంది. వీధి లోపల తగువు ఎంత న్యాయంగా తీర్చుకున్నా, ఏ వీధికి ఎన్ని విస్తళ్ళన్నది పంచేది ఎవరు? ఆ పంపకమే వంకరగా ఉంటే? 1966లో ఇంగ్లండులో జరిగిన పోటీకి 16 విస్తళ్ళు. ఆతిథ్యమిచ్చిన ఇంగ్లండుతో కలిపి ఐరోపాకు 10, దక్షిణ అమెరికాకు 4, ఉత్తర, మధ్య అమెరికాలకు 1. ఇక ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడింటికీ కలిపి ఒక్కటంటే ఒక్కటి! ఆఫ్రికా అంతటా గెలిచినవాడు కూడా మళ్ళీ ఆసియా వైపు గెలిచినవాడితో ఆడాలి. ఆఫ్రికాలో ఎన్నో దేశాలు అప్పుడే స్వతంత్రమయ్యాయి. ఘనా దేశం వాళ్ళు ముందు నిలబడి, "మా ఖండానికి ఒక చోటు ఇస్తారా, సరే. లేదా, మేము రాము" అన్నారు. ఘనా అప్పటికి 1963లో ఆఫ్రికా విజేత. గెలిచే సత్తా ఉన్నవాడు ఆట వదులుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆఫ్రికా జట్లు ఆడకుండానే నిలబడిపోయాయి. ఫిఫా వాళ్ళకు జరిమానా కూడా వేసింది.

ఆ ఒక్క విస్తరి కోసం చివరకు ఉత్తర కొరియా, ఆస్ట్రేలియా మిగిలాయి. రెండు ఆటలూ కంబోడియా రాజధాని నాంపెన్‌లో జరిగాయి. కొరియావారు 6–1, 3–1తో గెలిచారు. వీళ్ళేం ఆడతారులే అని ఇంగ్లండు పత్రికలు తేలిగ్గా తీసిపారేశాయి. ఆ జట్టే ఇటలీని 1–0తో ఓడించి ఇంటికి పంపింది! తరువాతి ఆటలో పోర్చుగల్ మీద 3–0 దాకా పోయి, ఆఖరికి 3–5తో ఓడింది. "ఈ వీధులవాళ్ళకు ఆట రాదు" అన్నవాళ్ళ నోళ్ళు అప్పటికి మూతపడ్డాయి.

1970 పోటీకి ఆఫ్రికాకు సొంత విస్తరి వచ్చింది. అందులో కూర్చున్నది మొరాకో. ఒక్క ఆటా గెలవలేదు గాని, బల్గేరియాతో 1–1తో సమం చేసింది. యాభై రెండేళ్ళ తరువాత, 2022లో కతార్‌లో అదే మొరాకో స్పెయిన్‌ను, పోర్చుగల్‌ను దాటి సెమీఫైనలుకు వెళ్ళింది. ఆఫ్రికా నుంచి అంత దూరం పోయిన మొదటి జట్టు అదే. పంపకం మీద కీచులాట ఇప్పటికీ ఉంది. మా వీధికి తక్కువ ఇచ్చారని అనని వీధి లేదు.

ఇక మీకొక లెక్క. మన గ్రూపులో మన జట్టుకూ ఆఫ్ఘనిస్తాన్‌కూ ఆఖరున 5 పాయింట్లే. ఒక్కొక్క జట్టు ఆడింది ఆరు ఆటలు. ఆరు ఆటల్లో సరిగ్గా 5 పాయింట్లు ఎన్ని విధాలుగా రావచ్చు? మన రెండు జట్లకూ ఏ విధంగా వచ్చాయి? రెండో ప్రశ్నకు కావలసిన సంగతులు కొన్ని పైనే ఉన్నాయి. ఆఫ్ఘనిస్తాన్ కతార్‌తో ఒక ఆట సమం చేసింది, కువైట్ చేతిలో రెండుసార్లూ ఓడింది. పెన్సిలు తీసుకోండి. జవాబు వచ్చే నెల.